డాక్టరేటు వద్దన్న డిటెక్టివ్ రచయిత్రి

సూసన్న కథ మన పాఠకుల్లో కొందరికి తెలిసే ఉంటుంది. కతోలిక బైబిల్లో అది దానియేలు గ్రంథం 13వ అధ్యాయం. ప్రొటెస్టెంట్లు దాన్ని అపోక్రిఫా పుస్తకాల్లో చదువుతారు. ప్రజలకు న్యాయం తీర్చే స్థానంలో ఉన్న ఇద్దరు పెద్దలు ఒక ఇల్లాలి మీద వ్యభిచార నింద వేస్తారు. చెప్పింది పెద్దలు కాబట్టి జనం నమ్మేస్తారు. ఆమెను చంపడానికి తీసుకుపోతుంటే యువకుడైన దానియేలు అడ్డుపడతాడు. ఆ ఇద్దరినీ విడివిడిగా నిలబెట్టి, ఏ చెట్టు కింద చూశారని అడుగుతాడు. ఒకరు ఒక చెట్టు పేరు, రెండోవారు మరో చెట్టు పేరు చెబుతారు. అబద్ధం బయటపడుతుంది. స్త్రీ బతుకుతుంది.

1928లో లండన్‌లో వెలువడిన ఒక పెద్ద డిటెక్టివ్ కథల సంకలనంలో, ఈ రకం సాహిత్యానికి తొలినాటి ఉదాహరణల్లో ఒకటిగా ఈ కథను చేర్చారు. ఆ సంకలనం కూర్చినవారు డొరతి ఎల్. సేయర్స్. అగాథా క్రిస్టీతో సమానంగా ఆ కాలపు ఇంగ్లండ్ చదివిన రచయిత్రి ఆమె. సూసన్న కథను ఎంచుకుని సంకలనంలో పెట్టే నాటికి ఆమె జీవితంలోనూ ఎవరికీ తెలియని ఒక సంగతి ఉంది. అది సూసన్న మీద వేసినలాంటి అబద్ధపు నింద కాదు, నిజమే. దాని గురించి ముందుకు పోయాక చెబుతాము.

మన ఇళ్లలో డిటెక్టివ్ నవలకు ఎప్పుడూ పెద్ద గౌరవం లేదు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ పరిశోధనలను పాఠ్యపుస్తకం మధ్యలో దాచుకుని చదివిన తరం ఇంకా మన సంఘాల్లో ఉంది. అలాంటి నవలలు రాసిన ఒక స్త్రీకి, ఇంగ్లండు సంఘపు అత్యున్నత అధికారి అయిన కాంటర్బరీ ఆర్చిబిషప్పు దైవశాస్త్రంలో గౌరవ డాక్టరేటు ఇస్తామన్నారు. ఆమె వద్దన్నారు. ఇవ్వజూపడానికీ వద్దనడానికీ మధ్య ఉన్న కథ విశ్వాసులంతా తెలుసుకోదగినదని మా అభిప్రాయం.

పాదిరిగారి ఇంటి పిల్ల

డొరతి 1893 జూన్ 13న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి హెన్రీ సేయర్స్ ఆంగ్లికన్ సంఘంలో పాదిరి. (1947లో మన దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు అందులో కలిసిన సంప్రదాయాల్లో ఆంగ్లికన్ సంప్రదాయం ఒకటి.) ఆయన క్రైస్ట్ చర్చి కథీడ్రల్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా ఉండేవారు. కూతురికి నాలుగైదేళ్లున్నప్పుడు తూర్పు ఇంగ్లండ్‌లోని బ్లంటిషమ్ అనే పల్లె విచారణకు మారారు. అది నీళ్లూ కాలువలూ నిండిన పల్లపు ప్రాంతం. తోటి పిల్లలు తక్కువ, పుస్తకాలు ఎక్కువ. తండ్రి ఆమెకు ఏడేళ్లు నిండకముందే లాటిన్ నేర్పడం మొదలుపెట్టారు.

1912లో ఆమె స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ కళాశాలలో చేరి, 1915లో ఆధునిక భాషల్లో ప్రథమ శ్రేణిలో నెగ్గారు. అయినా చేతికి డిగ్రీ రాలేదు. ఆడపిల్లలు పరీక్ష రాయవచ్చు, నెగ్గవచ్చు, పట్టా మాత్రం ఇవ్వరు. అప్పట్లో ఆక్స్‌ఫర్డ్ నియమం అది. 1920లో ఆ నియమం మారాక, పట్టా అందుకున్న మొదటి స్త్రీలలో ఆమె ఒకరయ్యారు. అర్హత ఉండీ గౌరవం దక్కకపోవడం ఎలా ఉంటుందో ఐదేళ్లు అనుభవించిన మనిషి ఆమె. డాక్టరేటు వద్దనడాన్ని తూచేటప్పుడు ఈ సంగతి మరచిపోకూడదు.

లార్డ్ పీటర్ విమ్సీ

చదువు అయ్యాక హల్ పట్టణంలో కొంతకాలం పాఠాలు చెప్పారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ప్రచురణ సంస్థలోనూ, ఫ్రాన్స్‌లో ఒక పాఠశాలలోనూ పనిచేశారు. ఏదీ నిలకడగా లేదు. 1922లో లండన్‌లోని బెన్సన్స్ అనే ప్రకటనల కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఆవపొడికీ బీరుకూ ప్రకటనలు రాసే పని. పాదిరిగారి కూతురు ఆ పనిని తొమ్మిదేళ్లు చేశారు, బాగా చేశారు. ఆ ఆఫీసు లోపలి సంగతులే తరవాత 1933లో 'మర్డర్ మస్ట్ అడ్వర్టైజ్' అనే నవలయ్యాయి.

తొలి నవల 'హూజ్ బాడీ?' 1923లో వచ్చింది. ఒక ఇంటి స్నానాల తొట్టిలో శవం కనిపిస్తుంది. ఒంటి మీద ముక్కుకు తగిలించుకునే కళ్లజోడు తప్ప మరేమీ ఉండదు. ఆ శవం ఎవరిదన్నదే కథ. దాన్ని తేల్చేవాడు లార్డ్ పీటర్ విమ్సీ, ఒక డ్యూక్ గారి తమ్ముడు. డబ్బుకు కొదవలేదు, పైకి వేళాకోళాల మనిషి. లోపల మాత్రం మొదటి ప్రపంచ యుద్ధం మిగిల్చిన గాయం ఉంది. కందకాల్లో చూసినవి రాత్రిళ్లు తిరిగి వస్తుంటాయి.

1923 నుంచి 1937 వరకు విమ్సీ మీద 11 నవలలు వచ్చాయి. ఆ కాలపు చాలా డిటెక్టివ్ నవలల్లో హంతకుడు దొరకగానే కథ ముగుస్తుంది, పాఠకుడు హాయిగా పుస్తకం మూసేస్తాడు. విమ్సీకి ఆ హాయి ఉండదు. తాను పట్టుకున్న మనిషిని ఉరి తీస్తారన్న ఎరుక అతన్ని నిలువనీయదు. చివరి నవల 'బస్‌మన్స్ హనీమూన్'లో ఉరి అమలయ్యే వేకువన అతడు భార్య దగ్గర కుప్పకూలిపోతాడు. నేరస్థుడు కూడా ఒక ప్రాణమని మరచిపోకుండా న్యాయం గురించి రాయడం ఆమె ప్రత్యేకత.

1934 నాటి 'ది నైన్ టైలర్స్'ను చాలామంది ఆమె నవలల్లో గొప్పదిగా లెక్కిస్తారు. పల్లపు ప్రాంతపు పల్లె, పెద్ద గుడి, గోపురంలో ఎనిమిది గంటలు, చివర ముంచుకొచ్చే వరద. ఆ ప్రాంతం ఆమె చిన్నతనం గడిచిన చోటే. ఇంగ్లండు గుళ్లలో గంటలను ఒక లెక్క ప్రకారం వరస మార్చి మార్చి మోగించే విద్య ఉంది. ఆ లెక్కను ఆమె పట్టుగా చదివి నేర్చుకుని నవల రాశారు. డిటెక్టివ్ నవలే కదా, పైపైన రాస్తే చాలదా అని ఆమె అనుకోలేదు.

1930లో లండన్‌లో డిటెక్టివ్ రచయితలంతా కలిసి డిటెక్షన్ క్లబ్ పెట్టుకున్నారు. మొదటి అధ్యక్షుడు ఫాదర్ బ్రౌన్ కథలు రాసిన జి.కె. చెస్టర్టన్. క్రిస్టీ, సేయర్స్ మొదటి సభ్యులలో ఉన్నారు. 1949 నుంచి మరణించేదాకా సేయర్స్ దానికి అధ్యక్షురాలు. కొత్తగా చేరేవారు ఒక ప్రమాణం చేయాలి. కాకతాళీయ సంఘటన మీదనో, దైవ ప్రత్యక్షత మీదనో ఆధారపడి నేరస్థుణ్ణి పట్టించకూడదు, ముఖ్యమైన ఆధారం ఏదీ పాఠకుడి దగ్గర దాచకూడదు. సరదాగా పెట్టుకున్న ప్రమాణమే కాని, అందులో సేయర్స్‌కు ప్రాణమైన నియమం ఉంది: పాఠకుణ్ణి మోసం చేయకూడదు.

ఆమె దాచిన సంగతి

అలా రాసిన మనిషి తన జీవితంలో ఒక పెద్ద సంగతి దాచారు. ప్రకటనల కంపెనీలో చేరిన కొత్తలో ఒక వివాహితుడితో ఆమెకు సంబంధం ఏర్పడింది. గర్భం వచ్చింది. అతడు ఆమెకు తోడు నిలవలేదు. ఆరోగ్యం బాగోలేదని ఆఫీసులో సెలవు పెట్టి, తెలిసినవారెవరూ లేని దూరపు ఊళ్లో 1924 జనవరి 3న మగబిడ్డను కన్నారు. మొదటి నవల వెలువడిన మరుసటి ఏడాది మొదట్లోనే ఇదంతా జరిగింది.

తల్లి తరఫున ఆమెకు అక్క వరస అయ్యే ఒకామె పిల్లలను చేరదీసి పెంచుతూ ఉండేవారు. డొరతి ఆమెకు ఉత్తరం రాశారు. తనకు తెలిసిన ఒకామె బిడ్డను పెంచుతావా అని. ఆ అక్క ఒప్పుకున్న తరవాతే, ఆ బిడ్డ తనవాడేనని నిజం చెప్పారు. అమ్మానాన్నలకు తెలియనివ్వవద్దని బతిమాలారు. తండ్రి 1928లో, తల్లి 1929లో చనిపోయారు. మనవడున్నాడని వారికి చివరిదాకా తెలియదు.

ఆమె బిడ్డను వదిలేయలేదు. నెలనెలా డబ్బు పంపారు, చదువు ఖర్చంతా భరించారు, ఉత్తరాలు రాశారు. 1926లో ఫ్లెమింగ్ అనే పత్రికా రచయితను పెళ్లి చేసుకున్నాక ఆ పిల్లవాడికి ఆయన ఇంటిపేరు కూడా వచ్చింది. అయితే అతడు ఎన్నడూ ఆ ఇంట్లో పెరగలేదు. లోకానికి అతడు పెంపుడు కొడుకు మాత్రమే. ఆమె వీలునామాలో ఆస్తి అంతా అతనికే రాసి ఉండడం చూసి దగ్గరి స్నేహితులు కూడా ఆశ్చర్యపోయారు. జనానికి సంగతి తెలిసింది 1975లో, ఆమె పోయిన 18 ఏళ్లకు, ఒక జీవితచరిత్ర ద్వారా.

ఇది చెప్పడం ఆమెను సమర్థించడానికీ కాదు, కించపరచడానికీ కాదు. ఆమె దాన్ని తప్పు కాదని ఎప్పుడూ వాదించలేదు. గర్భస్రావం చేయించుకోలేదు, బిడ్డను ఎరగనట్టు వదిలేయలేదు. కాని అమ్మా అని పిలిపించుకునే భాగ్యం తనకు తానే లేకుండా చేసుకున్నారు, అమ్మ ఒడిలో పెరిగే భాగ్యం ఆ బిడ్డకూ లేకుండా పోయింది. ఆమెలో వేరే లోపాలూ ఉన్నాయి. ఆమె నవలల్లో యూదులను గురించిన కొన్ని మాటలు ఇవాళ చదువుతుంటే బాధ కలుగుతుంది. మేము పరిచయం చేస్తున్నది పరిశుద్ధురాలిని కాదు.

రేడియోలో ప్రభువు స్వరం

1937లో కాంటర్బరీ కథీడ్రల్ ఉత్సవానికి ఒక నాటకం రాయమని ఆమెను అడిగారు. ఆమె ఎంచుకున్న కథానాయకుడు ఒక మేస్త్రి. 12వ శతాబ్దంలో కాలిపోయిన ఆ కథీడ్రల్‌ను తిరిగి కట్టడానికి వచ్చిన ఫ్రాన్స్ దేశపు శిల్పి, సాన్స్ ఊరి విలియం. పనిలో సాటిలేనివాడు. నేను లేకపోతే ఈ గుడి లేదన్న గర్వం పెరిగి, పరంజా మీదనుంచి పడి కుంటివాడవుతాడు. పనిమంతుడి పనిని దేవుడు మెచ్చుకుంటాడు, పనిమంతుడి గర్వాన్ని మాత్రం మెచ్చుకోడు. ఆ నాటకంలోని విషయం అదే. దాంతో ఆమె కలం కొత్త దారి పట్టింది. విమ్సీ నవలలు ఆగిపోయాయి.

యుద్ధం రోజుల్లో బి.బి.సి. వారు ప్రభువు జీవితం మీద రేడియో నాటకాలు కోరారు. 'ది మ్యాన్ బార్న్ టు బి కింగ్' పేరుతో 12 నాటకాలు 1941 డిసెంబరు 21 నుంచి 1942 అక్టోబరు వరకు ప్రసారమయ్యాయి. ఆమె సువార్తలను గ్రీకు మూలంలో చదువుకుని రాశారు. యూదా ఇస్కరియోతు దగ్గర ఆమెలోని డిటెక్టివ్ రచయిత్రి మేలుకుంది. చూడగానే ద్రోహి అనిపించే మనిషిని ప్రభువు శిష్యుడిగా ఎందుకు పిలుచుకుంటాడు? కాబట్టి యూదాను ఆమె శిష్యులందరిలో తెలివైనవాడిగా, ప్రభువు ఆశయాన్ని ముందుగా గ్రహించినవాడిగా చూపారు. ప్రభువు కంటే తనకే ఎక్కువ తెలుసనుకోవడం దగ్గర అతని పతనం మొదలవుతుంది.

పెద్ద దుమారం లేచింది. అప్పట్లో ఇంగ్లండ్ రంగస్థలం మీద యేసు పాత్రను ఎవరూ ధరించకూడదు. రేడియోలో ఒక నటుడి గొంతుతో ప్రభువు మాట్లాడడమా? శిష్యులు మామూలు జనం భాషలో మాట్లాడుకోవడమా? ప్రసారం మొదలు కాకముందే కొన్ని భక్త సంఘాలు నిరసనకు దిగాయి, పార్లమెంటులో ప్రశ్న లేచింది. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ వశమైతే, అది ఈ నాటకాల వల్ల వచ్చిన శిక్షేనన్నవారూ ఉన్నారు. మరోవైపు, సువార్త నిజంగా జరిగిన కథ అని మొదటిసారి తోచిందని ఎందరో శ్రోతలు ఉత్తరాలు రాశారు. సి.ఎస్. లూయిస్ ఆ నాటకాల పుస్తకాన్ని ఏటా పరిశుద్ధ వారంలో తిరిగి చదివేవారు.

వడ్రంగికి సంఘం ఏం చెప్పాలి?

ఆ 1942లోనే ఆమె పని గురించి ఒక ప్రసంగం చేశారు. తరవాత అది వ్యాసంగా వచ్చింది. తెలివైన ఒక వడ్రంగికి సంఘం సాధారణంగా ఏం చెబుతుంది? తాగవద్దు, ఆదివారం గుడికి రా అని. ఆ మాటలు సరైనవే. కాని అన్నిటికంటే ముందు చెప్పవలసినది మంచి బల్లలు చెయ్యమని అంటారామె. ఊగిపోయే కాళ్ల బల్ల నజరేతు వడ్రంగి కొట్టులోనుంచి వచ్చి ఉంటుందా అన్నది ఆమె ప్రశ్న.

నిర్గమకాండము 31వ అధ్యాయంలో దేవుని ఆత్మతో నింపబడ్డాడని చెప్పబడిన బెసలేలు యాజకుడు కాదు, ప్రవక్త కాదు. బంగారం, వెండి, రాయి, కర్రతో పనిచేసిన చేతిపనివాడు. ఈ వెలుగులో చూస్తే సేయర్స్ డిటెక్టివ్ నవలలు రాసిన కాలం ఆమె భక్తి జీవితానికి బయట పడదు. పాఠకుణ్ణి మోసగించకుండా రాసిన ప్రతి నవలా ఆమె చేసిన గట్టి బల్లే.

మన సంఘాల్లో సేవ అనగానే వేదిక, మైకు, పాటల బృందం గుర్తుకొస్తాయి. సోమవారం నుంచి శనివారం దాకా బట్టలు కుట్టే అక్కా, ఆటో నడిపే తమ్ముడూ, లెక్కలు రాసే గుమాస్తా తమ పనిని సేవ అనుకోరు, మనమూ అలా చెప్పం. కాంట్రాక్టరు సిమెంటు తగ్గించి కట్టి, అందులోనుంచి దశమభాగం తెస్తే కృతజ్ఞతా ప్రార్థన చేసి పుచ్చుకుంటాం. ఆ గోడ మాట ఎవరూ ఎత్తరు.

ఆర్చిబిషప్పుకు రాసిన జవాబు

1943 సెప్టెంబరులో ఆర్చిబిషప్ విలియం టెంపుల్, ఆ రేడియో నాటకాలనూ 'ది మైండ్ ఆఫ్ ది మేకర్' అనే ఆమె దైవశాస్త్ర గ్రంథాన్నీ మెచ్చుకుంటూ గౌరవ డాక్టరేటు ఇస్తామని రాశారు. ఆ కాలంలో ఒక స్త్రీకి, అదీ డిటెక్టివ్ నవలల రచయిత్రికి, అది ఊహకందని గౌరవం.

ఆమె కృతజ్ఞతలు చెబుతూ వద్దని రాశారు. తాను ఇంకా నమ్మదగిన రకం క్రైస్తవురాలినై ఉంటే పుచ్చుకునే ధైర్యం వచ్చేదన్నది ఆమె చెప్పిన ఒక కారణం. తనది నిజమైన ప్రేమో, లేక క్రైస్తవ సిద్ధాంతపు అందాన్ని చూసి బుద్ధి మాత్రమే ముచ్చటపడుతోందో తనకే తెలియడం లేదన్నారు. రేపు మళ్లీ లౌకికమైన కథలు రాస్తే ఆ పట్టాకు మచ్చ కాదా అన్నది మరో కారణం. కొడుకు సంగతి కూడా ఆమె మనసులో ఉండి ఉంటుందని జీవితచరిత్రకారులు ఊహించారు. 1950లో డర్హం విశ్వవిద్యాలయం సాహిత్యంలో గౌరవ డాక్టరేటు ఇస్తే మాత్రం పుచ్చుకున్నారు. అది ఆమె కలానికి దక్కిన గౌరవం. ముందరిది పుచ్చుకుంటే తన ఆత్మీయతకు ముద్ర వేయించుకున్నట్టవుతుందని ఆమెకు తోచి ఉంటుంది.

డాక్టర్, రెవరెండ్, అపొస్తలుడు అనే బిరుదులు గోడపత్రికల మీద పేరు కంటే పెద్ద అక్షరాల్లో పడే ఈ కాలంలో ఆ జవాబు ఒకసారి చదివి ఊరుకోదగినది కాదు. ఆమె నిజాన్నంతా చెప్పలేకపోయారు. కాని నిజం కానిదాన్ని తన పేరుకు తగిలించుకోవడానికి ఒప్పుకోలేదు.

ఆ తరవాతి సంవత్సరాలు దాంతే కావ్యాన్ని ఇంగ్లీషు పద్యాల్లోకి తేవడంలో గడిచాయి. నరకం భాగం 1949లో, శుద్ధిస్థలం భాగం 1955లో వచ్చాయి. పరలోక భాగం మధ్యలో ఉండగా 1957 డిసెంబరు 17న విథమ్ అనే ఊళ్లో, తన ఇంట్లో కన్నుమూశారు. మిగిలినది స్నేహితురాలు బార్బరా రెనాల్డ్స్ పూర్తిచేశారు. లండన్‌లోని సెయింట్ ఆన్స్ గుడికి ఆమె చివరి సంవత్సరాల్లో వార్డెన్‌గా ఉన్నారు. యుద్ధంలో బాంబులు పడి ఆ గుడి ధ్వంసమై గోపురం మిగిలింది. ఆమె చితాభస్మం ఆ గోపురం కిందే ఉంది.

ఆ ఉత్తరం ఇవాళ ఎవరికి చేరుతుంది?

ఈ జీవితమంతా చదివాక మా మనసులో నిలిచినది 1924 నాటి ఆ ఉత్తరమే. 30 ఏళ్ల చదువుకున్న స్త్రీ, పాదిరిగారి బిడ్డ, బాప్తిస్మం పొందిన విశ్వాసి. కష్టం వచ్చినప్పుడు సంఘంలో ఒక్కరి దగ్గరకూ వెళ్లలేకపోయారు. అక్క వరస మనిషికి కూడా మొదట ఎవరో తెలిసినామె బిడ్డ అనే రాయవలసి వచ్చింది. అక్క సరేనన్నాక గాని నిజం బయటికి రాలేదు.

సూసన్న కథలో పెద్దలు అబద్ధమాడారు కాబట్టి దానియేలు ఆమెను నిర్దోషిగా నిలబెట్టగలిగాడు. ఇక్కడ నింద వేస్తే అది నిజమే అవుతుంది. అలాంటివారికి మన దగ్గర ఏముంది? యోహాను సువార్త 8వ అధ్యాయంలో ప్రభువు ముందు నిలబెట్టిన స్త్రీ కూడా నిర్దోషి కాదు. ఆయన తప్పును తప్పు కాదనలేదు, రాయి వేయనూ లేదు.

మన స్త్రీల మైత్రి కూటాల్లో, యవ్వనస్థుల కూడికల్లో ఇవాళ ఎవరో ఒక అమ్మాయి, నాకు తెలిసినామెకు ఇలా జరిగింది అంటూ మాట మొదలుపెట్టవచ్చు. వినేవారు ముందు ఆమె ఎవరు, ఏ ఊరు, ఎవరి పిల్ల అని ఆరా తీస్తే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. పాదిరిగారికీ, పెద్దలకూ, ఆడపిల్లల తల్లిదండ్రులకూ మా మనవి ఒకటే. ఆ రెండో మాట దాకా ఓపికపట్టండి. ఆ అక్క అన్నట్టు ముందు సరే అనండి. మిగిలిన నిజం ఆ అమ్మాయే చెబుతుంది.